ఆఖరి స్టేజీలో ముసలామె

మా నాయనకు మాట పడిపోయిన వానాకాలంలో మా ఇంట్లో అందరూ ఏడ్చారు. నేను మాత్రం అందరి మీదా అరిచాను. నా తత్వమే అంత, బాధ వచ్చినా నాకు కోపంగానే వస్తుంది. ప్రార్థనకని వచ్చి ఎంతకీ కదలని చర్చి ఆడవాళ్ళ మీద అరిచాను, మందుల షాపతని మీద అరిచాను, పెళ్ళి దగ్గరపడింది జాకెట్లు ఎప్పుడిస్తావని అడగొచ్చినవాళ్ళ మీద అరిచాను.

"మే ప్రసన్నా, నీ నోట్లో రవ్వంత మీ నాయనకిచ్చినా ఇద్దురూ బాగుపడతారు గదే" అంది మా అమ్మ ఆనందమ్మ. ఏడుస్తూనే అంది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలో ఏడుపయింది.

చంద్రగిరిలో మా ఇంటి ముందుగది నాది, అందులో నా కుట్టుమిషను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి జాకెట్టు కుట్టను, అది నా రూలు. వెనకగది మా నాయన సుందరరాజుది, దాన్నిండా పుస్తకాలు. అన్నీ ఒకటే రకం. రాకెట్లు, గ్రహాలు, మరమనుషులు, కాలంలో వెనక్కి పోయే యంత్రాలు. తిరుపతి-చిత్తూరు బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. డ్యూటీలో ఉన్నప్పుడు కూడా టిక్కెట్ల సంచిలో ఒక సైన్సు నవల ఉండేది. "ప్రేమ నవల్లు నాకేల? బస్సులో రోజూ సూస్తానే ఉండా గదా" అనేవాడు.

ఆదివారం చర్చి కాగానే మా వరండాలో కోర్టు మొదలయ్యేది. ఆ పేరు అమ్మ పెట్టింది. కోర్టంటే ముఖ్యంగా ఇద్దరు, నాయనా, ఒకప్పుడు చిల్లరంగడి నడిపిన పరంధామయ్య మామా. అప్పుడప్పుడూ పోస్టాఫీసాయనో, కాలేజీ పిల్లలో వచ్చి చేరేవాళ్ళు. వాళ్ళకు రెండే రూల్సు. పుస్తకం తీసుకుపోయినవాడు తిరిగిచ్చేటప్పుడు లేచి నిలబడి తీర్పు చెప్పాలి. ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, చివరికి ఈ పుస్తకం ఎవరికిస్తావు. రెండోది, చదవని మనిషి ఎదుట కథ ముగింపు చెప్పకూడదు. నోరు జారితే ఆ వారం అందరికీ వడలు తెప్పించాలి. ముగింపు మీద వాదన ముదిరితే నన్ను చూసి "పాపా, లోపలికి పోయి కాఫీ తేపో" అనేవాళ్ళు. వాళ్ళ కాఫీలు మోసి మోసి నాకు సైన్సు నవలంటేనే ఒళ్ళు మండేది.

ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ ఒక్క పుస్తకం మీద కూడా ఒక్క మాటకి రాలేదు. మామకు ప్రాణం 'కాలం అమ్మే అంగడి'. అందులో ఒకాయన మనుషుల దగ్గర మిగిలిపోయిన గంటలు కొని, అవసరమైనవాళ్ళకి అమ్ముతుంటాడు. నాయనకు ప్రాణం 'అంగారకుడి ఆఖరి బండి'. నాయన దాన్ని ఊళ్ళో సగం మందికి చదవమని ఇచ్చాడు. పెళ్ళికొడుకులకు కూడా చదివింపుల్లో ఇచ్చిన ఘనత ఆయనది.

ఆ ఏడాది ఈశాన్య వానలు మొదలైన వారంలో, పళ్ళు తోముకుంటూ తోముకుంటూ నాయన పెరట్లో ఒరిగిపోయాడు. తిరుపతి ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. కుడి చెయ్యి, కుడి కాలు మెల్లగా వస్తాయన్నారు. మాట సంగతి మాత్రం చెప్పలేమన్నారు.

ఇంటికి తెచ్చిన రోజు అమ్మ గంజి తాగిస్తూ "ఇంగ రవ్వంత తాగండి" అంటే, నాయన నోరు తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, గట్టిగా అన్నాడు. "చంద్రగిరి, ఐతేపల్లి, గాదంకి, పూతలపట్టు, చిత్తూరు!"

అచ్చం బస్సులో అరిచినట్టే ఉంది. అమ్మ గిన్నె కింద పెట్టేసి "మాటొచ్చింది! దేవా, మాటొచ్చింది!" అని చేతులెత్తింది. కానీ ఆయన చెప్పాలనుకున్నది అది కాదు. ఉప్పు తక్కువైందనో, చాలుననో చెప్పబోయాడు. నోట్లోంచి స్టేజీలు వచ్చాయి. అది మాకన్నా ముందు ఆయనకే తెలిసింది. ముఖం ఎర్రబడింది, నోరు గట్టిగా మూసుకున్నాడు.

మాట నేర్పే డాక్టరమ్మ రూపశ్రీ నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అనేది. వారానికోసారి ఆటోలో నాయన్ని తిరుపతి తీసుకుపోయేదాన్ని. నేను స్టేజీల సంగతి చెబితే ఆ పిల్ల తలూపింది.

"అవి పాటలాగా వచ్చేస్తాయక్కా. ఏళ్ళ తరబడి అన్న మాటలు కదా, వాటంతటవే దొర్లుతాయి. ఆయనే ఆలోచించి, కూర్చుకుని, కొత్తగా ఒక మాట అనాలి. అదీ మనకు కావలసింది. ఈ మొదటి నెలలు చాలా ముఖ్యం. ఆయన ప్రయత్నం మానేయకుండా చూసుకోండి, అంతే."

మానేయకుండా చూసుకోవడం అంత తేలికైన పని కాదని రెండు రోజులకే తెలిసింది. ఆ రెండో రోజు పరంధామయ్య మామ వచ్చాడు.

వానలో తడిసి, గొడుగు వరండాలో ఆరేసి, నాయన మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"రాజూ, నేను మళ్ళా సదివినానప్పా, నీ బండి పుస్తకం" అన్నాడు. "నువ్వు సెప్పిందే నిజం. అంత గొప్ప నవల ఇంకోటి లేదు. నా అంగడి పుస్తకం దాని ముందర యాడికీ పనికిరాదు. ఇన్నేండ్లు ఊరికే వాదించినా నీతో."

నాయన ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. మెల్లగా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ రోజు గంజి తాగలేదు. మర్నాడు ఆసుపత్రిలో నేర్పిన "ఆ, ఈ, ఊ" చేయమంటే కళ్ళు కూడా తెరవలేదు. ఆ వారమంతా అంతే.

అమ్మే నాకు విడమరిచి చెప్పింది. "పరంధామయ్య ఒప్పుకున్నాడంటే దానర్థమేంది? ఇంగ నువ్వు పోతావుండావప్పా, పోయేవానితో వాదనేలని సెప్పినట్టు కాదా? మీ నాయనకి ఆసుపత్రోళ్ళు సెప్పింది అర్థమైందో లేదో గానీ, ఇది మాత్రం బాగా అర్థమైంది."

నా ఒళ్ళు భగ్గుమంది. మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి, వానలో నాలుగు వీధులు నడిచి మామ ఇంటికి పోయాను. ఆయన భోజనం చేస్తున్నాడు.

"మామా, మా ఇంటికొచ్చి మా నాయన్ని పొగిడినారంటే కాలు విరగ్గొడతా" అన్నాను.

ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని నోరు తెరిచాడు. "ఏమ్మా, నేనేం తప్పు మాట్లాడినా? మంచిమాట సెప్తే ధైర్యంగా ఉంటాడని..."

"మీ మంచిమాటతో ఆయన గోడ చూస్తా పడుకున్నాడు. మీరెప్పుడైనా ఆయనతో మంచిగా మాట్లాడినారా? ఇప్పుడేం పుట్టింది?"

మామ తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. "ఆయప్పని ఆ మాదిరి సూస్తే నాకు నోరు రాలేదు పాపా" అన్నాడు. పెద్దమనిషి, పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన పక్కనే కూర్చుని, వాళ్ళ కోడలిచ్చిన మజ్జిగ తాగాను.

తర్వాతిసారి తిరుపతి పోయినప్పుడు రూపశ్రీతో జరిగిందంతా చెప్పాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. నేను కోపంగా చూసేసరికి నవ్వాపుకుంది.

"అయితే పోట్లాడండక్కా. రోజూ పోట్లాడండి. ఆయన ఊరుకోలేని మాట ఏదైతే ఉందో ఆ మాటే అనండి."

పోట్లాడటం నాకు కొత్తా? కానీ దేని మీద పోట్లాడాలో దాన్ని ముందు చదవాలి కదా. అక్కడొచ్చింది చిక్కు. ఆ బండి పుస్తకం నేను చదవనని ఒట్టు పెట్టుకుని ఉన్నాను.

నాకు పదేళ్ళప్పుడు ఒక వేసవి రోజు నాయన నన్ను డ్యూటీకి తీసుకుపోయాడు. కండక్టరు సీట్లో కూర్చోబెట్టి, తిరుపతి నుంచి చిత్తూరు దాకా టిక్కెట్లు కొడుతూ కొడుతూ, మధ్యమధ్యలో వచ్చి ముక్కలు ముక్కలుగా కథ చెప్పాడు. అంగారకుడి మీద ఊళ్ళు. ఊరూరికీ తిరిగే ఒక బండి. నెలల తరబడి ఆగని దుమ్ముతుఫాను వస్తోందని కబురు. డ్రైవరు ఒక్కో ఊరూ ఖాళీ చేయించి జనాన్ని పెద్దనగరానికి చేరేస్తున్నాడు. ఆఖరి స్టేజీలో ఒక్క ముసలామె మిగిలింది, గాజుకప్పు కింద కొత్తిమీర పెంచుకునే ముసలామె. ఆమె దగ్గర రేడియో పలకడంలేదు. అటు పోతే బండిలో అందరికీ చాలినంత గాలి మిగులుతుందో లేదో తెలియదు. దారి రెండుగా చీలే చోట బండి ఆగింది. డ్రైవరు చెయ్యి గేరు మీద ఉంది.

అప్పటికి మా బస్సు చిత్తూరు బస్టాండులోకి వచ్చేసింది.

"ఆపైన?" అన్నాను.

"నువ్వే సదువుకో" అన్నాడు నాయన.

తిరుగు ప్రయాణంలో తిరుపతి దాకా ఏడ్చాను. చెప్పలేదు. ఇంటికొచ్చాక పుస్తకం చేతికిస్తే విసిరికొట్టి, చచ్చినా చదవనన్నాను. తర్వాత ఎన్నిసార్లడిగినా ఆయనది ఒకటే మాట, "నువ్వే సదువుకో." నాది ఒకటే మాట, చదవను. తండ్రీకూతుళ్ళం ఇద్దరం ఇద్దరమే.

ఆ వానాకాలంలో నా ఒట్టు నేనే తీసి గట్టున పెట్టాను. నాయన్ని ముందుగదిలోకి తెచ్చి మిషను పక్కన పడకకుర్చీ వేసి కూర్చోబెట్టాను. అట్ట ఎప్పుడో ఊడిపోయి, నాయనే బస్సు టైంటేబులు కాగితంతో అట్టవేసిన ఆ పుస్తకం తెరిచాను. రోజూ మధ్యాహ్నం, జాకెట్ల పని కాస్త తగ్గాక, ఒక్కో ప్రకరణం గట్టిగా చదివాను. చదివి ఊరుకోలేదు.

"ఈ డ్రైవరుకి బుద్ధుందా నాయనా? ముందర దూరం ఊరికి పోవాల గానీ, దగ్గరూరికి పోతారా ఎవురన్నా?"

నాయన కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమచెయ్యి కుర్చీ మీద కొట్టాడు. "కా... కా..." అన్నాడు. చెమటలు పట్టాయి. ఏదీ రాలేదు.

"రాసినాయనెవరో గానీ ఎప్పుడూ బస్సెక్కినోడు కాదు" అన్నాను మర్నాడు.

"కాదు!" అన్నాడు నాయన.

నా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి, నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. నేను తల ఎత్తకుండా "ఏం కాదు, నేను సెప్పిందే నిజం" అన్నాను.

"కాదు! కాదు!"

అదొక్క మాట మీద పది రోజులు బతికాం. నేనేమన్నా "కాదు" అనేవాడు. అన్నం పెట్టనా అన్నా "కాదు" అని, తను అనాలనుకున్నది అది కానందుకు తల కొట్టుకునేవాడు.

పరంధామయ్య మామ కూడా మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇంట్లో తయారై వచ్చినట్టున్నాడు. గుమ్మంలోంచే "రాజూ, నీ బండి పుస్తకం వట్టి చెత్తప్పా!" అన్నాడు. అని, నావైపు చూసి దగ్గాడు. నాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. మూతి ఒక పక్కకే కదిలింది గానీ, అది నవ్వే. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. ఇంత చేతకాని నటన చూసి ఎవరికైనా నవ్వొస్తుంది.

ఆ నవ్వు చూశాక మామకి అసలు కోపం గుర్తొచ్చింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నవ్వుతావేమప్పా? మూడో ప్రకరణంలో బండి హారను కొడితే ఊరంతా పరిగెత్తుకోనొచ్చినారని రాసినాడు. అంగారకుడి మీద గాలే లేదు గదా, హారనెట్ల ఇనపడతాది?"

ఇది వాళ్ళ పాత తగాదా. దీనికి నాయన జవాబు మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. 'ఉండాదప్పా, పల్చగా ఉండాది. గాలి పల్చగా ఉంటే శబ్దం సన్నంగా ఇనపడతాది.' కొన్ని వందలసార్లు విన్నాను. మామ ఆగాడు. నేను మిషను ఆపేశాను. నాయన నోరు తెరిచాడు. పెదవులు ఒకదానికొకటి కలవలేదు, నాలుక తిరగలేదు, మెడలో నరాలు లేచాయి.

"గాదంకి" అన్నాడు. "గాదంకి... పూతలపట్టు..."

కళ్ళల్లో నీళ్ళు నిండాయి. మామ గబగబా "అదేలే, నువ్వేం సెప్పాలనుకున్నావో నాకు తెలుసప్పా" అనబోయి, నా చూపు చూసి ఆగాడు. "తెలీదు" అన్నాడు. "నాకేం తెలీదు. నువ్వే సెప్పాల. ఆదారం కోర్టుకి మళ్ళా వస్తా."

ఆయన పోయాక నాకు భయమేసింది. నిజం చెబుతున్నాను, ఇక ఈయనకి మాట రాదేమోనని మొట్టమొదటిసారి ఆ రోజే అనుకున్నాను. వానలు పోతున్నాయి, రూపశ్రీ చెప్పిన నెలలూ పోతున్నాయి. మా నాయన గొంతు నాకు గుర్తుండిపోతే చాలా? నాకు ఆ గొంతు ఇంట్లో కావాలి. అన్నం బాగలేదని అమ్మతో, ముఖానికి పౌడరెక్కువైందని నాతో, గాలి ఉందని మామతో చెప్పే గొంతు కావాలి.

వాయుగుండం పట్టిన రోజు ఆఖరి ప్రకరణం దగ్గరికొచ్చాం. కరెంటు పోయింది, వీధిలో నీళ్ళు పారుతున్నాయి, జాకెట్లకెవరూ రాలేదు. డ్రైవరు చెయ్యి గేరు మీద ఉంది. చిత్తూరు బస్టాండులో నన్ను వదిలేసిన చోటుకే మళ్ళీ వచ్చాను. పుస్తకం మూసేశాను.

"నేను సదవను నాయనా. నువ్వు సెప్పు" అన్నాను. "పదేండ్లప్పుడు అడిగినా, సెప్పలేదు. ఈపొద్దు సెప్పాల్సిందే. పోయినాడా, లేదా? ముసలామె దొరికిందా?"

నాయన తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క మాట సెప్పు సాలు. నీకు దణ్ణం పెడతా." నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఎవర్నీ బతిమాలి ఎరగను నేను.

ఆయన ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు.

"నువ్వే సదువుకో" అన్నాడు.

తప్పులేదు, తడబాటు లేదు, స్పష్టంగా, అచ్చంగా అన్నాడు. ఆ వేసవి నాటి గొంతే. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆయన తల గుండెకు హత్తుకుంది. నేను నవ్వుతూ ఏడుస్తూ, "ఇప్పుడు కూడా అదేనా నాయనా! ఇప్పుడు కూడానా!" అని ఆయన మోకాళ్ళు పట్టుకుని ఊపేశాను.

వెంటనే రూపశ్రీకి ఫోను చేశాను. ఆ పిల్ల సంతోషించింది, కానీ రెండు ప్రశ్నలడిగింది. ఈ మాట ఇంతకుముందు ఆయనకి అలవాటేనా అంది. జన్మంతా అదే అన్నాడు అన్నాను.

"అక్కా, మంచిదే. కానీ ఇది కూడా స్టేజీల పేర్లలాంటిదే కావచ్చు. అలవాటు మీద వచ్చింది కావచ్చు. ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కొత్త మాట కోసం చూద్దాం."

ఫోను పెట్టేసి రూపశ్రీ మీద కూడా అరవాలనుకున్నాను. కానీ ఆ పిల్ల తప్పేముంది? అమ్మకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

చదువుకోమన్నాడు కదా, చదువుకున్నాను. నాయన పడుకున్న ఒక మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని ఆఖరి ప్రకరణం ఒక్కదాన్నే చదివాను. వాళ్ళ రూలు ప్రకారం మీకు చెప్పకూడదు. చెప్పకపోతే ఈ కథ లేదు, కాబట్టి వడలు నావే. డ్రైవరు బండి తిప్పుతాడు. బండిలో అందరూ సరేనంటారు. ఆఖరి స్టేజీ చేరేసరికి దుమ్ములో ఏమీ కనబడదు, గాజుకప్పు ఎటుందో తెలియదు. డ్రైవరు బండి మీది మైకు తీసి, ఆ స్టేజీ పేరు పెట్టి పిలుస్తాడు. మళ్ళీ పిలుస్తాడు. తలుపు తీసే ఉంచుతాడు. అక్కడితో అయిపోయింది. ఆమె ఉందో లేదో, విన్నదో లేదో రాసినాయన రాయలేదు.

పేజీ తిప్పి చూశాను, ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళు నన్ను కాఫీకి తరిమి వాళ్ళు వాదించుకున్నది దీని గురించా అని మొదట కోపం వచ్చింది. తర్వాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, లోపలిగదిలో నాయన గురక వింటూ చాలాసేపు కూర్చున్నాను.

ఆదివారం మామ వచ్చాడు. వాన వెలిసి, చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. నాయన్ని వరండాలోకి తెచ్చాం. అమ్మ కాఫీలు ఇచ్చి, ఈసారి లోపలికి పోకుండా గుమ్మంలోనే కూర్చుంది. నేను పుస్తకం చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాను. మామ ఆశ్చర్యంగా చూశాడు. నాయన కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"తీర్పు సెప్తా" అన్నాను. "బండి గురించి రాసింది బాగుండాది. బండిలో జనం కొట్లాడుకునేది బాగుండాది, అచ్చం మన బస్సులో మాదిరే. ముగింపు నచ్చలేదు."

నాయన చూపు నా ముఖం మీదే ఉంది.

ఆయన్ని రెచ్చగొట్టాలనే లేచాను. కానీ నోరు తెరిచేసరికి, ఆ నెలలన్నీ లోపల దాచుకున్నదే బయటికి వచ్చింది.

"ఆడ ఎవురూ లేరు నాయనా. ముసలామె లేదు. అన్ని దినాలు, అంత దుమ్ములో, ఎవురుంటారు? ఆ డ్రైవరు ఊరికే పిలస్తా ఉండాడు. ఎంత పిలిచినా పలికేవాళ్ళు లేరు." పుస్తకం రెండు చేతులా పట్టుకున్నాను. "అదే నా తీర్పు."

మామ తల దించుకున్నాడు. అమ్మ నన్ను కసిరినట్టు చూసింది. నాయన ఎడమచెయ్యి కుర్చీ చెయ్యిని పట్టుకుంది. పెదవులు కదిలాయి. స్టేజీల పేర్లే వస్తాయనుకున్నాను. రాలేదు. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్కో మాటకీ మెట్టెక్కినట్టు ఆగుతూ అన్నాడు.

"ఉండాది."

మామ తలెత్తాడు.

"ఆడనే... ఉండాది. ముసల్ది... గదా. బిన్నా... రాలేదు. పిలస్తా... ఉంటే..." ఊపిరి పీల్చుకున్నాడు. "పలుకుతాది."

మామ చేతిలో కాఫీ గ్లాసు ఒలికి పంచె మీద పడింది. ఆయన చూసుకోలేదు. "పాపా" అన్నాడు నాతో, మెల్లగా. "ఈ మాట ఈయప్ప ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు. బండెక్కిందని మాత్రమే అనేవాడు. బిన్నా రాలేదని, తొందరగా నడవలేదని ఎప్పుడూ అనలేదు. ఇది కొత్తది."

కొత్తది. అయినా నేను కూర్చోలేదు. తీర్పు చెప్పేవాళ్ళు పూర్తయ్యేదాకా కూర్చోకూడదు.

నాయన మాత్రం నన్ను వదిలేసి మామవైపు తిరిగి, కనుబొమలెగరేసి చూస్తున్నాడు. జవాబు కోసం చూస్తున్నాడు. మామకి కళ్ళు, ముక్కు ఏకమై కారుతున్నాయి, నోట్లోంచి మాట రావడంలేదు.

"మామా, ఏదో ఒకటి అనండి! కాదనండి!" అని అరిచాను.

"గాలే..." అన్నాడు మామ. గొంతు సవరించుకున్నాడు. "గాలే లేదు గదప్పా ఆడ. మైకులో పిలిస్తే మాత్రం, ముసల్దానికెట్ల ఇనపడతాది?"

"ఉండాది" అన్నాడు నాయన. "పల్చగా."

అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. పుస్తకం ఎవరికిస్తానో ఇంకా చెప్పలేదు. నాయన నావైపు తిరిగాడు, ఎడమచెయ్యి చాచాడు.

"నా... కియ్యి" అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఒక్క పుస్తకం కూడా ముట్టుకోలేదు. తెచ్చి ఒళ్ళో పెట్టాను. బస్సు టైంటేబులు అట్టను వేలితో నిమిరి, మొదటి పేజీ తీశాడు. మామ ఇటునుంచి ఏదో అంటున్నాడు, అమ్మ అటునుంచి దేవుడికి స్తోత్రం చెబుతోంది, నేను ఫోను తీసి రూపశ్రీకి చెబుతూ వరండా అదిరేలా అరుస్తున్నాను.

నాయన తలెత్తి మా ముగ్గురినీ చిరాకుగా చూశాడు.

"రవ్వంత... గమ్మునుండండి" అన్నాడు.